పరీక్ష ఇంటికొచ్చింది... మందు మాటేమిటి?

(మా ప్రత్యేక ప్రతినిధి)

గుంటూరు: తెల్లవారి ఆరు గంటలయ్యేసరికి పట్నంలో కూలీల అడ్డా నిండిపోతుంది. తాపీ పనివాళ్లు, సెంట్రింగు పనివాళ్లు, మట్టి పనివాళ్లు, బరువులు మోసే ఆడకూలీలు అన్నం క్యారేజీలు చేతబట్టుకుని మేస్త్రీ కోసం ఎదురు చూస్తూ నిలబడి ఉంటారు. ఎనిమిది దాటితే ఆ రోజుకు పని లేనట్లే. అలాంటి మనిషికి ఒకనాడు ఒక అనుమానం వచ్చిందనుకుందాం. ఏళ్ల క్రితం ఊరుగాని ఊళ్లో పనికి వెళ్లినప్పుడు చేసిన పొరపాటు గుర్తుకు వచ్చింది. రక్త పరీక్ష చేయించుకుంటే మంచిదని ఎవరో చెప్పారు. పరీక్ష ఉచితమే. అయినా అతను వెళ్లడు. ఎందుకని?

లెక్క వేసి చూస్తే కారణం తెలుస్తుంది. పరీక్షా కేంద్రం తెరిచేది పొద్దున అతను పనిలో ఉండే వేళకు, మూసేది సాయంత్రం అతను పని దిగకముందే. వెళ్లాలంటే ఆ రోజు కూలీ వదులుకోవాలి. ఆటో చార్జీ పెట్టుకోవాలి. వరుసలో నిలబడాలి. ఆ వరుసలో తెలిసిన ముఖం కనబడితే పేటంతా తెలిసిపోతుందన్న భయం సరేసరి. నాలుగు రోజులు పోయాక చూద్దాంలే అనుకుంటాడు. ఆ నాలుగు రోజులు నాలుగేళ్లవుతాయి. చివరకు జ్వరమో, క్షయో ముదిరి మంచం పట్టాక ఇంటివాళ్లు పెద్దాసుపత్రికి మోసుకొస్తారు. అప్పుడు గాని అసలు సంగతి బయటపడదు.

ఆస్పత్రి దగ్గరకు మనిషి రాకపోతే పరీక్షనే మనిషి దగ్గరకు పంపితే? ఈ ఆలోచనలోంచి పుట్టిందే ఇంట్లో ఎవరికి వారే చేసుకునే హెచ్.ఐ.వి. పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 డిసెంబరులో దీన్ని సిఫారసు చేసింది. మన దేశంలో కూడా 2021, 2022 సంవత్సరాల్లో కొన్ని రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా పంచి చూశారు. అయితే పేదల పేటలకు ఇది ఎంతవరకు మేలు చేస్తుంది? ఎక్కడ బెడిసికొడుతుంది? ఈ ప్రశ్నలకు మనకన్నా ముందే జవాబులు వెతికిన దేశం ఒకటుంది. అది ఆఫ్రికాలోని మలావీ.

<b>మనకెందుకు ఈ గొడవ?</b>

ఎక్కడో ఆఫ్రికా సంగతి మనకెందుకని తీసిపారేయడానికి వీలు లేదు. 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో నూటికి 0.21 మందికి హెచ్.ఐ.వి. ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67. అంటే దేశం సగటుకు మూడింతలు. తెలంగాణలో 0.47. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సూక్ష్మక్రిమితో జీవిస్తున్నవారు మూడు లక్షలకు పైబడి ఉన్నారని ఆ అంచనాలు చెప్పాయి. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం మనదే.

అంతకంటె ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. దేశం మొత్తం మీద హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి 100 మందిలో తమకు ఉన్నదని తెలిసినవారు 77 మంది మాత్రమేనని అదే కాలపు లెక్కలు తేల్చాయి. మిగిలిన 23 మందికి తెలియదు. తెలియనివారికి మందు అందదు. మందు అందక వాళ్లు చిక్కిపోవడమే కాదు, వాళ్ల ద్వారా భార్యకో, భర్తకో, పుట్టబోయే బిడ్డకో సోకే ప్రమాదమూ ఉంటుంది. ఈ 23 మందిని వెతికి పట్టుకోవడమే ఇప్పుడు అసలు పని.

<b>పలుదోము పుల్లంత పరికరం</b>

ఇంట్లో చేసుకునే పరీక్షలు రెండు రకాలు. ఒకటి వేలి కొనన సూదితో పొడిచి రక్తపు చుక్క తీసి చేసేది. రెండోది నోటి చిగుళ్ల తడితో చేసేది. మలావీలో మొదట వాడినది ఈ రెండో రకం.

చూడడానికి పలుదోము పుల్లంత ఉంటుంది. ఒక చివర మెత్తటి పట్టీ. దాన్ని పై చిగురు వెంట ఒకసారి, కింది చిగురు వెంట ఒకసారి రుద్ది, చిన్న సీసాలోని ద్రవంలో నిలబెట్టాలి. ఇరవై నిమిషాలు ఆగి చూడాలి. నలభై నిమిషాలు దాటాక చూస్తే లెక్కలోకి రాదు. కిటికీలాంటి గడిలో ఒక్క గీతే పడితే క్రిమి జాడ కనబడలేదన్నమాట. రెండు గీతలు పడితే అనుమానం ఉన్నట్లు. ఉండవలసిన మొదటి గీతే పడకపోతే పరికరం చెడిపోయిందని అర్థం. అప్పుడు కొత్తదానితో మళ్లీ చేసుకోవాలి. పరీక్షకు ముందు పావుగంట సేపు ఏమీ తినకూడదు, తాగకూడదు.

ఉమ్ములో హెచ్.ఐ.వి. ఉంటుందా అని కొందరికి సందేహం రావచ్చు. ఈ పరీక్ష వెతికేది క్రిమిని కాదు. క్రిమి మీద పోరాడడానికి మన ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలను. అవి చిగుళ్ల తడిలో కూడా కనబడతాయి. అంతమాత్రాన ఉమ్ము వల్ల, ఎంగిలి వల్ల, కలిసి తినడం వల్ల హెచ్.ఐ.వి. అంటుకోదు.

<b>బ్లాంటైర్ పేటల్లో</b>

మలావీ ఆఫ్రికా ఖండం ఆగ్నేయ భాగంలో సముద్రం లేని చిన్న దేశం. అక్కడి పెద్ద వర్తక పట్టణం బ్లాంటైర్. ఎన్‌డిరాండే, చిలోమోని లాంటి పేటలు కొండవాలున కిక్కిరిసి ఉంటాయి. మన పేటల్లో ఉండే బతుకులే అక్కడా. మనకు జొన్న సంకటి ఎలాగో, వాళ్లకు మొక్కజొన్న పిండితో చేసే ‘న్‌సిమా’ అలాగ. ఏరోజుకారోజు దొరికే కూలిపనిని అక్కడ ‘గాన్యు’ అంటారు. మన దేశంలో ప్రభుత్వం హెచ్.ఐ.వి. మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలయింది. మలావీలోనూ అదే సంవత్సరం మొదలయింది.

2010లో బ్లాంటైర్‌లో పరిశోధకులు చిన్న ప్రయత్నం ఒకటి చేశారు. 283 మందిని కలిసి, పరీక్ష మీరే చేసుకుంటారా, మమ్మల్ని చేయమంటారా అని అడిగారు. 260 మంది తామే చేసుకుంటామన్నారు. కాసేపు చేసి చూపించి, బొమ్మలు వేసిన కాగితం చేతికిచ్చారు. వాళ్లు చూసుకున్న ఫలితాన్ని తర్వాత రక్త పరీక్షతో సరిచూస్తే నూటికి 99 మందికి పైగా సరిపోయింది. చదువు లేనివాళ్లు చేసుకోలేరన్న మాట అక్కడ నిలబడలేదు. అయితే పదిమందిలో ఒకరు మధ్యలో సాయం అడిగారు. చేతిలో పెట్టి పొమ్మంటే చాలదు, ఒకసారి చేసి చూపించే మనిషి ఉండాలని అప్పుడే తేలింది.

ఆ తర్వాత 2012 నుంచి రెండేళ్లపాటు అదే పట్టణంలో పదహారు వేలమందికి పైగా పెద్దవాళ్లున్న పేటల్లో పరికరాలు పంచారు. పంచినవాళ్లు ఎక్కడినుంచో వచ్చిన ఉద్యోగులు కారు. ఆ పేటల్లోనే కాపురముండే స్వచ్ఛంద కార్యకర్తలు. పొద్దున గాని, రాత్రి గాని, ఆదివారం గాని తలుపు తట్టి అడిగి తీసుకోవచ్చు. ఫలితం చెప్పాలన్న నిర్బంధం లేదు. వాడిన పరికరాన్ని కవరులో పెట్టి అంటించి తిరిగి ఇస్తే చాలు. మొదటి సంవత్సరంలోనే నూటికి 75 మందికి పైగా పరీక్ష చేసుకున్నారు. ఏ ఆస్పత్రి వరుసలోనూ కనబడని పడుచువాళ్లు ముందుకు వచ్చారు. ఇంట్లో ఒంటరిగా ఫలితం చూసుకుని ఎవరైనా అఘాయిత్యం చేసుకుంటారేమోనన్న భయం మొదటినుంచీ ఉంది. ఆ రెండేళ్లలో అక్కడ అలాంటి ఆత్మహత్య ఒక్కటీ నమోదు కాలేదు.

ఇంతవరకు కథ బాగానే ఉంది.

<b>గీతలు పడ్డాక ఏమైంది?</b>

రెండు గీతలు పడినవాళ్లు తర్వాత ఏం చేశారన్నది అసలు ప్రశ్న. పరీక్ష వల్ల జబ్బు నయం కాదు. ఆ మనిషి ఆస్పత్రికి వెళ్లి, మళ్లీ రక్త పరీక్షతో నిర్ధారించుకుని, రోజూ మందు వేసుకోవడం మొదలుపెడితేనే ప్రయోజనం. బ్లాంటైర్‌లో క్రిమి ఉన్నట్లు తేలినవాళ్లలో వైద్యానికి చేరినవారు సగానికి కాస్త పైన మాత్రమే. మిగతావాళ్లు సంగతి తెలిసి కూడా ఇంట్లోనే ఉండిపోయారు.

పరిశోధకులు అక్కడితో ఆగలేదు. పేటలను రెండు భాగాలుగా విడదీశారు. రెండు చోట్లా ఇంట్లో పరీక్ష సౌకర్యం ఒకటే. తేడా ఒక్కటే. మొదటి భాగంలో గీతలు పడినవాళ్లు మామూలుగా ఆస్పత్రికి వెళ్లాలి. రెండో భాగంలో కోరుకున్నవాళ్ల ఇంటికే శిక్షణ పొందిన వైద్య సిబ్బంది వచ్చి, ఫలితాన్ని నిర్ధారించి, అర్హులైనవారికి మొదటి రెండు వారాల మందు చేతికిచ్చి వెళ్తారు. ఆరు నెలలు గడిచాక లెక్క చూశారు. ఆస్పత్రికి వెళ్లవలసిన పేటల్లో 8,466 మంది పెద్దవాళ్లకు 63 మంది మందు మొదలుపెట్టారు. ఇంటికి మందు వచ్చిన పేటల్లో 8,194 మందికి 181 మంది మొదలుపెట్టారు. దాదాపు మూడింతలు!

రెండు చోట్లా మనుషులు ఒకటే, జబ్బు ఒకటే, పరీక్ష ఒకటే, మందు ఒకటే. మారినదల్లా మందుకూ మనిషికీ మధ్య దూరం. 2014లో ప్రచురితమైన ఈ ఫలితం చాలామంది వైద్యుల కళ్లు తెరిపించింది.

<b>కూలీ డబ్బు తెచ్చిన మార్పు</b>

మగవాళ్లు ఆస్పత్రికి రారన్నది మలావీలోనూ పాత ఫిర్యాదే. గర్భిణీ స్త్రీలు నెల నెలా పరీక్షలకు వస్తారు. వాళ్లకు హెచ్.ఐ.వి. పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది. భర్తలు మాత్రం గుమ్మం తొక్కరు. 2016, 2017 సంవత్సరాల్లో బ్లాంటైర్‌లో మూడు గర్భిణుల క్లినిక్‌లలో 2,349 మంది స్త్రీల ద్వారా వాళ్ల భర్తల కోసం ఒక ప్రయోగం జరిగింది.

కొందరికి మామూలుగా, మీ ఆయనను తీసుకురండి అని ఉత్తరం రాసి ఇచ్చారు. కొందరికి పరీక్ష పరికరాలు ఇచ్చి ఇంటికి పంపారు. ఇంకొందరికి పరికరంతోపాటు, భర్త క్లినిక్‌కు వస్తే 3 డాలర్లు ఇస్తామన్నారు. మరికొందరికి 10 డాలర్లన్నారు. మన లెక్కలో అప్పటి మారకం ప్రకారం అవి సుమారు 200, 670 రూపాయలు. ఇంకో వర్గానికి ఫోను చేసి గుర్తు చేశారు.

ఉత్తరం అందుకున్న ఇళ్లల్లో పరీక్ష చేయించుకున్న భర్తలు నూటికి 17 మంది. పరికరం అందిన ఇళ్లల్లో నూటికి 87 నుంచి 95 మంది చేసుకున్నారని భార్యలు చెప్పారు. మగవాడికి పరీక్ష అంటే భయం అన్నమాట సగం అబద్ధమని ఇక్కడే తేలిపోయింది. అవకాశం గుమ్మంలోకి వస్తే చేసుకుంటున్నాడు.

మరి ఆ తర్వాత క్లినిక్‌కు వచ్చి వైద్యంలోనో, నివారణ కార్యక్రమంలోనో చేరినవాళ్లెందరు? ఉత్తరం ఇచ్చినచోట నూటికి 13. పరికరం ఒక్కటే ఇచ్చినచోట 17.5. ఫోను చేసి గుర్తు చేస్తే 22. 3 డాలర్లు ఇస్తామంటే 41. 10 డాలర్లు ఇస్తామంటే 52.

ఈ అంకెలను మరోసారి చదవాలి. పరికరం ఒక్కటే ఇస్తే పదింట తొమ్మిదిమంది పరీక్ష చేసుకున్నారు గాని, గడప దాటినవారు ఇంచుమించు ఉత్తరం అందుకున్నవాళ్లంతే. దానికి బస్సు చార్జీ, పోయిన కూలీ జోడిస్తే సగానికి పైగా కదిలారు. ఇది లంచం కాదు. పేదవాడు వైద్యం కోసం జేబులోంచి పెట్టే ఖర్చును తిరిగి ఇవ్వడం. ‘ఉచితం’ అని బోర్డు కట్టిన వైద్యం కూలీ మనిషికి ఏనాడూ ఉచితం కాదని బ్లాంటైర్ అంకెలతో సహా నిరూపించింది.

<b>40 డాలర్ల నుంచి ఒక్క డాలరుకు</b>

పరికరం ధర సంగతీ చూడాలి. నోటి తడితో ఇంట్లో చేసుకునే పరీక్షకు అమెరికా ప్రభుత్వం 2012 జులైలో అనుమతి ఇచ్చింది. అప్పుడు అక్కడి దుకాణాల్లో దాని ధర సుమారు 40 డాలర్లు. మన కూలీ కుటుంబం ఊహించను కూడా లేని ధర. 2017లో ఒక దాతృత్వ సంస్థ సాయంతో కుదిరిన ఒప్పందం వల్ల 50 పేద, మధ్యాదాయ దేశాలకు అదే పరికరం 2 డాలర్లకు దొరికింది. 2022లో రక్తపు చుక్కతో చేసే మరో కంపెనీ పరికరం ఇలాంటి దేశాల ప్రభుత్వ కొనుగోళ్లకు ఒక్క డాలరుకే వచ్చింది. అంటే అప్పటి లెక్కలో 80 రూపాయల లోపు. కనుక డబ్బు లేక ఈ పని ఆగిపోయిందని ఇకమీదట ఎవరూ అనలేరు. పరికరం చవక. దాని వెనక నడవవలసిన మనుషులు, వేళలు, మందు సరఫరా - ఖర్చు అక్కడ ఉంది.

<b>రెండు గీతలు తీర్పు కాదు</b>

ఇక్కడ పాఠకులు జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటుంది. మలావీ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చి మన పేటల్లో పెట్టడం కుదరదు. కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది.

వందమంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరి విషయంలో పరికరం పొరపాటున రెండు గీతలు చూపిస్తుందనుకుందాం. మన రాష్ట్రంలో వెయ్యిమంది పెద్దవాళ్లు పరీక్ష చేసుకుంటే నిజంగా క్రిమి ఉన్నవాళ్లు సుమారు ఏడుగురు. మిగిలిన 993 మందిలో పొరపాటు గీతలు పడేది పదిమందికి. మొత్తం 17 మందికి గీతలు పడతాయి. అందులో పదిమందికి అసలు జబ్బే లేదు! బ్లాంటైర్‌లో 2010 ప్రయత్నంలో పరీక్ష చేసుకున్నవాళ్లలో నూటికి 18 మందికి పైగా క్రిమి ఉంది. అక్కడ గీతలు పడితే దాదాపు అందరికీ నిజమే. జబ్బు తక్కువగా ఉన్నచోట అదే పరికరం లేనిపోని గుండెకోత పెట్టగలదు.

మంచి పరికరాలు ఇంతకంటే తక్కువగానే పొరబడతాయి. అయినా ఇంట్లో పడిన రెండు గీతలను ఎవరూ తీర్పుగా తీసుకోకూడదు. అది ‘వెళ్లి నిర్ధారించుకో’ అన్న కబురు మాత్రమే. మన ప్రభుత్వ పరీక్షా కేంద్రాల్లో మూడు వేర్వేరు రకాల కిట్లతో పరీక్ష చేసి మూడూ ఒకే మాట చెబితేనే హెచ్.ఐ.వి. ఉన్నట్లు చెబుతారు. ఆ మూడు పరీక్షలు పూర్తయ్యేదాకా పెళ్లి తప్పించుకోవడం, ఇల్లు వదిలి పోవడం లాంటి పనులు చేయరాదు.

ఒక్క గీత పడినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు. క్రిమి సోకిన మర్నాడే పరీక్షలో కనబడదు. ప్రతిరక్షకాలు తయారు కావడానికి వారాలు పడుతుంది. అందుచేత అనుమానపు సంఘటన జరిగి మూడు నెలలు కాకముందు చేసుకుంటే, మూడు నెలలు నిండాక మళ్లీ చేసుకోవాలి. ఇప్పటికే మందు వాడుతున్నవాళ్లు జబ్బు పోయిందో లేదో చూద్దామని ఈ పరీక్ష చేసుకోరాదు. మందు ప్రభావం వల్ల ఒక్క గీతే పడవచ్చు. అది చూసి మందు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

<b>ఇంట్లో అందరూ సమానులేనా?</b>

ఇంట్లో పరీక్ష అంటే గుట్టుగా జరిగిపోతుందని అనుకుంటాం. ఒకే గదిలో అయిదుగురు కాపురం చేసే ఇంట్లో గుట్టెక్కడ? బ్లాంటైర్‌లో పరీక్ష చేసుకున్నవాళ్లలో నూటికి దాదాపు ముగ్గురు తమను బలవంతపెట్టారని చెప్పారు. చిన్న సంఖ్యే. కాని ఆ ముగ్గురి పరిస్థితి ఊహించండి. అత్తగారు కోడలి చేత, మేస్త్రీ కూలీ చేత, పెళ్లికి ముందు మగపెళ్లివారు పిల్ల చేత పరీక్ష చేయించి ఫలితం చూపమంటే కాదనగలిగే వాళ్లెందరు? మొదట భార్యకు తెలిస్తే, తెచ్చింది నువ్వేనని ఆమె మీదే నింద వేసే ఇళ్లు మన దగ్గర లేవా?

మన చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. ఫలితాన్ని అతని అంగీకారం లేకుండా బయటపెట్టకూడదు. జబ్బు ఉందన్న కారణంతో ఉద్యోగం నుంచి తీసేయడం, వైద్యం నిరాకరించడం, బడిలో చేర్చుకోకపోవడం నేరుగా ఆ చట్టం నిషేధించినవే. అద్దె ఇంటి విషయంలోనూ వివక్ష చూపరాదు. పరికరం పంచే ప్రతి కార్యకర్త మొదట ఈ మాట చెప్పాలి: ఇది నీ కోసం. ఎవరో అడిగారని చేసుకోవద్దు. ఫలితం ఎవరికీ చూపనవసరం లేదు.

<b>మన దగ్గర ఉన్నదేమిటి?</b>

మనకు లేనిది వైద్యం కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సలహా, పరీక్షా కేంద్రాల్లో పరీక్ష ఉచితం. పెద్దాసుపత్రుల్లోని ఏ.ఆర్.టి. కేంద్రాల్లో మందు ఉచితం. 2017 నుంచి, రక్తంలో కణాల సంఖ్య తగ్గేదాకా ఆగనవసరం లేకుండా, నిర్ధారణ అయిన ప్రతివారికీ మందు మొదలుపెట్టే విధానం వచ్చింది. సందేహాలు తీర్చడానికి 1097 నంబరు ఫోను ఉంది. మందు సక్రమంగా వేసుకుంటే హెచ్.ఐ.వి. ఉన్న మనిషి మామూలు ఆయుర్దాయం బతకగలడు. రక్తంలో క్రిమి కనబడనంతగా అణగిపోతే, కలయిక వల్ల జీవిత భాగస్వామికి సోకదు. గర్భిణి మందు వాడితే బిడ్డను చాలావరకు కాపాడుకోవచ్చు. 1980లలో మరణశిక్ష అనుకున్న జబ్బు ఇవాళ మధుమేహంలా మందుతో అదుపులో ఉంచుకోదగ్గదయింది.

మనకు లేనిది కూలీ మనిషి వేళకు తెరిచి ఉండే తలుపు. ఇది అసాధ్యం కూడా కాదు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఏ.ఆర్.టి. మందులు ఆగిపోకుండా ఒకేసారి ఎక్కువ నెలల మందులు ఇచ్చారు. చాలాచోట్ల కార్యకర్తలు దగ్గరలోకి తెచ్చి అందించారు. ఆపత్కాలంలో చేయగలిగిన పని మామూలు రోజుల్లో ఎందుకు చేయకూడదు?

<b>చేయవలసినవి</b>

ఇంటి పరీక్షను పేదల పేటలకు తేవాలనుకునే అధికారులు, స్వచ్ఛంద సంస్థలు పరికరాలు కొనడంతో సరిపెట్టుకోరాదు. నాలుగు సంగతులు ముందు చూసుకోవాలి.

మొదటిది, వేళలు. పరీక్షా కేంద్రాలు వారంలో కనీసం రెండు రోజులు రాత్రి ఎనిమిదింటి దాకా, ఆదివారం ఒకపూట తెరిచి ఉంచాలి. రెండోది, రాకపోకలు. గీతలు పడి నిర్ధారణకు వచ్చినవాళ్లకు చార్జీలు, ఒకరోజు కూలీ అక్కడికక్కడే చేతిలో పెట్టాలి. పేరు బయటికి వచ్చే కాగితాలు, సంతకాలు అడిగితే ఆ డబ్బుకు ఎవరూ రారు. మూడోది, మనిషి. పరికరం పంచే కార్యకర్త పేటలోని మనిషైతే నమ్మకం కలుగుతుంది. అదే మనిషి నోరు జారితే కాపురాలు కూలుతాయి. కనుక పేటవాళ్లు కోరుకుంటే పక్క పేట కార్యకర్త దగ్గర తీసుకునే వీలుండాలి. నాలుగోది, మొదటి మందు. నిర్ధారణ అయ్యాక నాలుగైదు సార్లు తిప్పించుకోకుండా వీలైనంత త్వరగా, కోరినవారికి ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి.

ఇవేవీ లేకుండా పరికరాలు మాత్రం పంచితే జరిగేదేమిటో బ్లాంటైర్ చూపించింది. పదిమందిలో తొమ్మిదిమంది పరీక్ష చేసుకున్నట్లు లెక్కల పుస్తకంలో పడుతుంది. పై అధికారులకు నివేదిక అందంగా వెళ్తుంది. సంగతి తెలుసుకున్న మనిషి మాత్రం ఆ రాత్రంతా నిద్ర లేకుండా గడిపి, తెల్లవారి క్యారేజీ పట్టుకుని యథాప్రకారం అడ్డా మీద నిలబడతాడు. ఆస్పత్రి తెరిచేది పది గంటలకు. మేస్త్రీ వచ్చేది ఏడింటికి. ఇంట్లో బియ్యం నిండుకుని ఉంటే అతను ఏ వైపు అడుగు వేస్తాడో చెప్పడానికి పరిశోధన అక్కరలేదు.